టీకా లెక్కలు: ఎంతమంది అని కాదు, ఎంతమందిలో ఎంతమంది అని అడగాలి

(మా గ్రామీణ విలేఖరి)

కరోనా తగ్గి ఏళ్లు గడిచినా టీకాల మీద తగువు మాత్రం పల్లెల్లో తెగలేదు. టీ కొట్టు దగ్గర గానీ, రచ్చబండ మీద గానీ నలుగురు కూడితే చాలు, ఎవరో ఒకరు ఒక అంకె బయటికి తీస్తారు. “ఆస్పత్రి పాలైనవాళ్లలో సగానికి పైగా టీకా వేయించుకున్నవాళ్లేనట, ఇక టీకా ఎందుకు?” అని ఒకరంటారు. “మా వీధిలో పెద్దాయన సూది వేయించుకున్న నెలకే పోయాడు” అని మరొకరంటారు. “దేశంలో ఉన్నది 140 కోట్ల జనమైతే 200 కోట్ల టీకాలు ఎలా వేశారు? అంతా దొంగ లెక్క” అని ఇంకొకరు తేల్చేస్తారు.

ఈ అంకెల్లో చాలావరకు అబద్ధాలు కావు. అంకె సరైనదే, దానికి చెబుతున్న అర్థమే సరైనది కాదు. అబద్ధాన్ని ఖండించడం తేలిక. నిజమైన అంకెకు తప్పుడు అర్థం చెబితే ఖండించడం కష్టం. చదువుకున్నవారు కూడా ఇక్కడే తడబడుతున్నారు.

ఈ తగువు గడిచిపోయిన కరోనాతోనే ఆగిపోతే అంతగా పట్టించుకోనక్కరలేదు. కానీ అదే అనుమానం పసిపిల్లల టీకాల మీదికి పాకుతోంది. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారని ఆశ కార్యకర్త ఇంటింటికీ చెప్పి వెళ్లాక కూడా, “వేసుకున్నవాళ్లకూ జబ్బు వస్తోందిగా, ఎందుకులే” అని బిడ్డను ఇంట్లోనే ఉంచేసే తల్లిదండ్రులు అక్కడక్కడా ఉన్నారు. పెద్దల తగువుకు నష్టపోయేది ఆ బిడ్డ. కనుక ఈ లెక్క ఎక్కడ దారి తప్పుతున్నదో ఊరి వారంతా తెలుసుకోవడం అవసరం.

పొలం లెక్కే పోలిక

ముందు ఈ లెక్కను పొలంలో వేసి చూద్దాం. ఒక ఊళ్లో 50 ఎకరాల వరి ఉందనుకుందాం. అగ్గితెగులు భయంతో 45 ఎకరాలకు మందు కొట్టారు, 5 ఎకరాలకు కొట్టలేదు. కోతల నాటికి మొత్తం 10 ఎకరాల్లో పైరు దెబ్బతిన్నది. అందులో మందు కొట్టినవి 6 ఎకరాలు, కొట్టనివి 4 ఎకరాలు.

“దెబ్బతిన్న పదెకరాల్లో ఆరెకరాలు మందు కొట్టినవే, కనుక మందు దండగ” అని ఎవరైనా అంటే రైతు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. మందు కొట్టిన 45 ఎకరాల్లో పోయినవి 6, చేతికి వచ్చినవి 39. మందు కొట్టని 5 ఎకరాల్లో పోయినవి 4, చేతికి వచ్చింది ఒక్క ఎకరం. అంటే మందు కొట్టిన చోట నూటికి 13 వంతులు పోతే, కొట్టని చోట నూటికి 80 వంతులు పోయింది. మందు పూర్తిగా కాపాడలేదు, నిజమే. కానీ కాపాడలేదని అనడానికి మాత్రం వీల్లేదు.

పొలం విషయంలో ఇంత తేలికగా పట్టే లెక్కను మనుషుల విషయంలో మరిచిపోతున్నాం. భిన్నంలో పైన ఉండే అంకె లవం, కింద ఉండే అంకె హారం అని బడిలో నేర్పారు. మన తగువుల్లో లవం ఒక్కటే వినిపిస్తోంది. “ఇంతమందికి వచ్చింది” అంటున్నారు గానీ, “ఇంతమందిలో” అన్న మాట ఎవరూ అనడం లేదు. హారం లేని లవం సగం మాటే.

ఇజ్రాయెల్ అంకెలు ఏం చెప్పాయి

ఈ తప్పు మన ఊళ్లలోనే పుట్టింది కాదు. 2021 ఆగస్టులో ఇజ్రాయెల్ దేశం అంకెలు చూపి ప్రపంచమంతటా ఇదే వాదన చేశారు. ఆ దేశం టీకాలు ముందుగా, వేగంగా వేసింది. పైగా అంకెలను వయసుల వారీగా ప్రకటించింది. అందువల్ల లెక్క సరిచూడడానికి వీలు కలిగింది. అక్కడ ఎక్కువగా వేసింది ఫైజర్ టీకా, మన దగ్గర ఎక్కువగా వేసింది కోవిషీల్డ్, కోవాగ్జిన్. మందులు వేరైనా లెక్క వేసే పద్ధతి ఒకటే.

2021 ఆగస్టు 15 నాటికి అక్కడి ఆస్పత్రుల్లో విషమ స్థితిలో ఉన్నవారు 515 మంది. వారిలో 301 మంది రెండు డోసులూ వేయించుకున్నవారు, 214 మంది అసలు వేయించుకోనివారు. అంటే నూటికి 58 మంది టీకా వేయించుకున్నవారే. “టీకా పనిచేయలేదు” అనడానికి ఈ ఒక్క అంకె చాలుననుకున్నారు.

ఇప్పుడు హారం వేసి చూద్దాం. ఆ దేశంలో టీకాకు తగిన వయసున్నవారిలో రెండు డోసులు పూర్తయినవారు సుమారు 56 లక్షల 34 వేలు. అసలు వేయించుకోనివారు సుమారు 13 లక్షలు. వేయించుకున్న లక్ష మందిలో విషమ స్థితికి చేరినవారు 5 మంది. వేయించుకోని లక్ష మందిలో 16 మంది. మూడు రెట్లు తేడా.

కథ ఇంతటితో ముగియలేదు. వయసుల వారీగా విడదీస్తే తేడా ఇంకా పెరిగింది. 50 ఏళ్లు, ఆ పైబడినవారిని మాత్రమే తీసుకుంటే, టీకా వేయించుకున్న లక్ష మందిలో 14 మంది విషమ స్థితికి చేరారు. వేయించుకోని లక్ష మందిలో 92 మంది చేరారు. సుమారు ఏడు రెట్లు. 50 లోపువారిలో వేయించుకున్నవారు 35 లక్షలు ఉంటే విషమించినది 11 మందికి. వేయించుకోనివారు 11 లక్షలకు పైగా ఉంటే విషమించినది 43 మందికి. ఇక్కడ తేడా పన్నెండు రెట్లు.

మొత్తం కలిపితే మూడు రెట్లు ఉన్న తేడా, విడదీస్తే ఏడు, పన్నెండు రెట్లు ఎలా అయింది? కారణం వయసే. టీకా వేయించుకున్నవారిలో ముసలివారు ఎక్కువ. వేయించుకోనివారిలో కుర్రవారు ఎక్కువ. ముసలితనంలో ఏ జబ్బైనా ముదురుతుంది. ముసలి ఎద్దుల మందకు మంచి దాణా పెట్టి, కోడెల మందను ఊరికే వదిలేసి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి “దాణా వల్ల పెద్ద లాభమేమీ లేదే” అంటే ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. ముసలి ఎద్దులతో ముసలి ఎద్దులనే పోల్చాలి.

పోయినవారి లెక్క

“సూది వేసిన నెలకే పోయాడు” అన్న మాట వెనుక ఒక కుటుంబం దుఃఖం ఉంటుంది. దాన్ని తేలికగా తీసిపారేయడం తగదు. అయితే ఇక్కడ కూడా ఒక లెక్క మరుగున పడుతోంది.

2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజే 13 లక్షలకు పైగా టీకాలు వేశారు. మన దేశంలో ఏడాదికి వెయ్యి మందికి ఆరుగురు చొప్పున మరణిస్తారని 2020 సంవత్సరానికి ప్రభుత్వం ప్రకటించిన నమూనా నమోదు గణాంకాలు చెబుతున్నాయి. ఆ చొప్పున 13 లక్షల మందిలో ఏడాదికి 7,800 మంది, నెలకు 650 మంది కాలం చేస్తారు. గుండె జబ్బు, పక్షవాతం, పాము కాటు, రోడ్డు ప్రమాదం, ముసలితనం, ఏ కారణమైనా కావచ్చు. టీకా వేసినా వేయకపోయినా జరిగే మరణాలు ఇవి. ఆ రోజు టీకా వేయించుకున్నందువల్ల ఈ 650 మరణాలూ “సూది వేసిన నెలలోపు” జరిగినవే అవుతాయి. రాష్ట్రమంతటా చెదిరి ఉన్న ఊళ్లలో ఒక్కో ఊరికి ఒక్కో ఉదాహరణ దొరకడానికి ఆ సంఖ్య చాలు.

పైగా 2021 మార్చి 1 నుంచి ముందుగా టీకా వేసింది 60 ఏళ్లు దాటినవారికి, 45 దాటి దీర్ఘవ్యాధులు ఉన్నవారికి. ఎవరి ఇళ్లలో మరణాలు సహజంగానే ఎక్కువగా జరుగుతాయో వారికే ముందు వేశారు.

అలాగని టీకా వల్ల ఎన్నడూ హాని జరగదని చెప్పడం కూడా తప్పే. కేంద్ర ప్రభుత్వ నిపుణుల సంఘం 2021లో 31 తీవ్ర ఘటనలను పరిశీలించి, అందులో ఒక మరణం టీకా వేసిన వెంటనే వచ్చిన తీవ్రమైన అలర్జీ వల్లనే జరిగిందని నిర్ధారించింది. మన దేశంలో కోవిషీల్డ్ పేరుతో వేసిన ఆస్ట్రాజెనెకా టీకా వల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టేది తీవ్రమైన అలర్జీ వస్తుందేమో చూడడానికే. ఆ అరగంట కూర్చోకుండా పొలం పని ఉందని లేచి వెళ్లిపోవడం మంచిది కాదు. ఇంటికి వెళ్లాక ఇబ్బంది కలిగినా ఏఎన్ఎంకు చెప్పి రాయించాలి. రాయించిన ఘటనే పరిశీలనకు వస్తుంది. రచ్చబండ మీద చెప్పిన ఘటన గాలిలో కలిసిపోతుంది.

తేల్చవలసిన విషయం ఒకటే. టీకా వేయించుకున్నవారిలో ఆ నెల ఎంతమంది పోయారు, అదే వయసులో వేయించుకోనివారిలో ఎంతమంది పోయారు? రెండూ పక్కపక్కన పెడితేగాని సమాధానం రాదు.

డోసులు వేరు, మనుషులు వేరు

ఇక 200 కోట్ల సంగతి. 2022 జూలై 17 నాటికి దేశంలో వేసిన కరోనా టీకాలు 200 కోట్లు దాటాయి. అవి డోసులు, మనుషులు కారు. ఒక్కొక్కరికి రెండు డోసులు, కొందరికి మూడో డోసు కూడా వేశారు. వంద కోట్ల మంది రెండేసి వేయించుకున్నా 200 కోట్లు అవుతాయి. యూరియా 200 బస్తాలు పంచారంటే 200 మంది రైతులకు ఇచ్చారని కాదుగదా. ఇందులో దొంగ లెక్క ఏమీ లేదు. కానీ డోసుల లెక్కను మనుషుల లెక్కగా చెప్పి ఎవరు గొప్పలు పోయినా, ఎవరు తప్పుపట్టినా అది పొరపాటే.

నూటికి నూటపది ఎలా వస్తుంది?

మన మండలాల్లో తరచూ నవ్వులపాలయ్యేది మరో అంకె ఉంది. ఒక ఊళ్లో నూటికి 110 మందికి టీకాలు పూర్తయ్యాయని కాగితం మీద కనిపిస్తుంది. “లేని మనుషులకు కూడా వేశారా?” అని వెక్కిరిస్తారు. ఇక్కడ తప్పు మళ్లీ హారంలోనే ఉంది.

టీకాల లక్ష్యం చాలాచోట్ల తలలు లెక్కపెట్టి వేసినది కాదు, జనాభా అంచనా మీద వేసినది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో అంచనాలకు 2011 జనగణనే ఆధారమైంది. ఆ తర్వాత ఊళ్లు పెరిగాయి, కొన్ని తరిగాయి. లాక్‌డౌన్‌లో పట్నాల నుంచి ఇంటికి వచ్చి ఊళ్లోనే టీకా వేయించుకున్నవారు ఆ ఊరి అంచనాలో లేరు. లవంలో వారున్నారు, హారంలో లేరు. అందుకే నూరు దాటుతుంది.

పసిపిల్లల విషయంలో మన ఆచారమే ఇంకొక చిక్కు తెస్తుంది. ఆడపిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి వస్తుంది. బిడ్డకు మొదటి టీకాలన్నీ పుట్టింటి ఊళ్లోనే వేస్తారు. తర్వాత తల్లీబిడ్డలు అత్తవారింటికి వెళతారు. ఆ బిడ్డ ఒక ఊళ్లో లక్ష్యంలో ఉంటుంది, మరో ఊళ్లో వేసినవారి లెక్కలో ఉంటుంది. ఒక ఊళ్లో నూరు దాటడానికి, పక్క ఊళ్లో ఎనభై దగ్గర ఆగిపోవడానికి ఇది కూడా ఒక కారణం. పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వలస వెళ్లిన కుటుంబాల పిల్లల సంగతీ ఇంతే. కనుక అంకె తగ్గిందని ఏఎన్ఎంను నిందించడానికి ముందు, అంకె పెరిగిందని సంబరపడడానికి ముందు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారో చూడాలి.

ఊరి సగటు తండాను దాచేస్తుంది

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు మరొకటుంది. ఇది టీకా వద్దనేవారు చేసేది కాదు, అంతా బాగుందని అనుకునేవారు చేసేది.

ఒక పంచాయతీలో రెండేళ్లు దాటిన చిన్నపిల్లలు 200 మంది ఉన్నారనుకుందాం. పెద్ద ఊళ్లో 160 మంది, దూరంగా ఉన్న తండాలో 40 మంది. పెద్ద ఊళ్లో 158 మందికి తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయి. తండాలో 26 మందికే పడ్డాయి. మొత్తం 200కు 184, అంటే నూటికి 92. సమావేశంలో చదివితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ తండాలో నూటికి 65 మందికే రక్షణ ఉంది. జబ్బు పంచాయతీ సగటు చూసి రాదు. రక్షణ లేని పిల్లలు ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడ అంటుకుంటుంది.

తట్టు అంటే పిల్లలకు వచ్చే మామూలు జ్వరమేనని కొందరి భావన. అది ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియా కావచ్చు, విరేచనాలతో బిడ్డ నీరసించిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. 2023లో ప్రపంచం మొత్తం మీద లక్షకు పైగా ప్రజలు తట్టుతో మరణించారని, వారిలో అధికులు అయిదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2022 చివర ముంబైలోని మురికివాడల్లో ఈ జబ్బు చెలరేగింది. అంటువ్యాధుల్లో దీని అంత వేగంగా పాకేవి బహు తక్కువ. రక్షణ లేని జనంలో ఒక రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకగలదు. అందుకే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడితేగాని ఊరికి రక్షణ కుదరదు.

అందరికీ వేస్తే ఏమవుతుంది?

తట్టు టీకా రెండు డోసులూ పడితే నూటికి సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది. ముగ్గురికి ఉండకపోవచ్చు. వంద మంది పిల్లలున్న బడిలో 97 మందికి టీకాలు పూర్తయ్యాయి, ముగ్గురికి అసలు వేయలేదనుకుందాం. బడిలో తట్టు ప్రవేశించి అందరికీ గాలి తగిలితే, వేయించుకున్న 97 మందిలో సుమారు ముగ్గురికి రావచ్చు. వేయించుకోని ముగ్గురికీ దాదాపు తప్పదు. జబ్బుపడ్డ ఆరుగురిలో సగం మంది టీకా వేసినవారే! ఇక వందకు వంద మందికీ వేసి ఉంటే, జబ్బుపడ్డ ఆ ముగ్గురూ టీకా వేసినవారే అవుతారు. అప్పుడు “నూటికి నూరు మంది టీకా వేసుకున్నవాళ్లే” అనవచ్చు. ఆ మాట నిజం. కానీ అదే బడిలో ఎవరికీ టీకా లేకపోతే మంచం పట్టేది ముగ్గురు కాదు, 90 మంది.

అంటే టీకాలు బాగా వేసిన ఊళ్లోనే జబ్బుపడ్డవారిలో టీకా వేసినవారి వాటా పెరుగుతుంది. జబ్బుపడ్డవారి మొత్తం సంఖ్య తగ్గుతుంది. మొదటి అంకెను మాత్రమే పట్టుకుని తగువులాడేవారు రెండో అంకెను చూడడం లేదు.

నాలుగు ప్రశ్నలు

ఇకమీదట ఎవరైనా టీకాల మీద ఒక అంకె చెబితే, అది పొగిడే అంకె అయినా తెగిడే అంకె అయినా, నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. ఎంతమందిలో ఇంతమంది? టీకా వేయించుకోనివారిలో అదే లెక్క ఎంత? రెండు వైపులా వయసులు సమానంగా ఉన్నాయా? చెప్పినది డోసుల లెక్కా, మనుషుల లెక్కా? ఈ నాలుగింటికీ సమాధానం లేకపోతే ఆ అంకెను నమ్మడం, కాదనడం రెండూ తొందరపాటే.

పంచాయతీ సభ్యులు, స్వయం సహాయక సంఘాల మహిళలు మరో ప్రశ్న కూడా వేయాలి. ఊరి మొత్తం లెక్క కాదు, మా వాడ లెక్క, మా తండా లెక్క, మా గూడెం లెక్క విడిగా చెప్పండి అని ఏఎన్ఎంను అడగాలి. పేరుపేరునా జాబితా ఆమె దగ్గర ఉంటుంది. మిగిలిపోయిన పిల్లలెవరో తెలిస్తే, ఆ ఇంటికి వెళ్లి నచ్చజెప్పడం ఊరి వారికి పెద్ద పని కాదు.

తల్లిదండ్రులు చేయవలసింది ఇంకా చిన్న పని. తల్లీబిడ్డల కార్డు తీసి చూసుకోవాలి. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక ఏడాదిలోపు, రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. మొదటి డోసు వేయించి రెండోది మరిచిపోయినవారున్నారు. తొమ్మిది నెలలకు వేసే ఒక్క డోసుతో నూటికి 85 మందికే రక్షణ వస్తుంది. గడువు దాటిందని ఊరుకోనక్కరలేదు. అయిదేళ్లలోపు ఎప్పుడు తీసుకువెళ్లినా ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేస్తారు. పుట్టింటి నుంచి అత్తవారింటికి, ఊరి నుంచి పట్నానికి వెళ్లేటప్పుడు ఆ కార్డు పెట్టెలో మరిచిపోకుండా వెంట తీసుకువెళ్లాలి.

ఊళ్లో వయసు మళ్లినవారి జబ్బ మీద గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అది మశూచి టీకా మచ్చ. ఆ రోజుల్లోనూ టీకా వేయించుకున్న కొందరికి జబ్బు సోకింది. దాక్కున్నవారు, వద్దన్నవారు అప్పుడూ ఉన్నారు. అయినా ఊరూరా తిరిగి వేశారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి కనిపించలేదు. 1980లో ప్రపంచమే దాని నుంచి బయటపడిందని ప్రకటించారు. ఈనాటి పిల్లలకు ఆ మచ్చ లేదు, ఆ జబ్బు పేరు కూడా తెలియదు. తట్టు విషయంలో కూడా అలాంటి రోజు రావాలంటే, మిగిలిపోయిన ఆ కొద్దిమంది పిల్లలకు టీకా పడాలి. వచ్చే బుధవారం గానీ, శనివారం గానీ కార్డు పట్టుకుని బయల్దేరితే చాలు.